కన్నీటి చుక్క పెట్టకండి

ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి బొమ్మ వేద్దామనుకున్న వాళ్ళలో చాలామంది ముందు కళ్ళతో మొదలుపెడతారు. కళ్ళు కుదరగానే వాటిలో నీళ్ళు పెడతారు. నీళ్ళు పెట్టాక పెదవుల చివర్లు కిందికి వంచుతారు. అక్కడితో బొమ్మ అయిపోయింది, పాడైపోయింది కూడా. చూసేవాడికి ‘ఈవిడ ఏడుస్తోంది’ అన్న కబురు అందుతుంది, బాధ మాత్రం అందదు. కబురు తెలిసిపోయింది కాబట్టి రెండు క్షణాల్లో పక్క బొమ్మకి వెళ్ళిపోతాడు. అలా కాకుండా, ఎక్స్‌ప్రెషనిస్టుల దారిలో అలాంటి బొమ్మ ఎలా వెయ్యాలో ఇక్కడ చెబుతాను.

గోదావరి జిల్లాల్లో బొమ్మలు నేర్చుకున్న చేతికి ఈ అలవాటు వదలడం మరీ కష్టం. నరసాపురంలో పుట్టిన బాపు మనందరి కళ్ళకీ ఒక ఆడపిల్లని అలవాటు చేశాడు. బారెడు కళ్ళు, వాలుజడ, కథంతా ఆ కళ్ళలోనే. రాజమండ్రి వైపు వస్తే 27 ఏళ్ళకే, 1925లో పోయిన దామెర్ల రామారావు నీటిరంగులున్నాయి. ఆ మెత్తటి గీత, ఆ ఒద్దిక ఊళ్ళో ఆయన పేరున్న గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. రెండూ గొప్పవే, వాటిని చూసి నేర్చుకోవలసిందే. కానీ ఎక్స్‌ప్రెషనిజం వేరే బడి, కంటికి కనిపించినదాన్ని వంచైనా సరే లోపలి భావాన్ని బయటపెట్టే పద్ధతి. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో కిర్చ్‌నర్, హెకెల్, ష్మిట్-రాట్లుఫ్, బ్లైల్ అనే నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు ‘వంతెన’ అని పేరు పెట్టుకుని జట్టు కట్టినప్పుడు వాళ్ళకి కావలసింది అందమూ కాదు, పోలికా కాదు. ఆ బడిలో భావం ఉండే చోటు ముఖం కాదు. ముఖం చుట్టూ ఉన్నవాటిలో ఉంటుంది: మెడ వంపు, భుజం బరువు, చేతుల సైజు, వెనకాల వదిలిన ఖాళీ, ఆ ఖాళీకి వేసిన రంగు. ముఖం ఎంత ఊరుకుంటే మిగతావి అంత మాట్లాడతాయి.

దీనికి ఉదాహరణగా ముందు చూడవలసింది నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ 1885-86లో వేసిన ‘జబ్బుపిల్ల’. ముంక్ అక్క సోఫీ క్షయతో 15 ఏళ్ళకే పోయింది. ఆ బాధతో వేసిన బొమ్మ అది. అందులో దిండుకి ఆనుకున్న పిల్ల ముఖం కనిపిస్తుంది. పక్కన కూర్చుని కుమిలిపోతున్న పెద్దావిడ ముఖం మాత్రం కనపడదు. తల వాలిపోయి జుట్టు, పాపిడి మాత్రమే మనకి కనిపిస్తాయి. ఇద్దరి చేతులూ కలిసిన చోట వేళ్ళు కూడా విడివిడిగా లేవు, అక్కడంతా అలుక్కుపోయి ఉంటుంది. ముంక్ ఆ రంగుని వేసి, గీకి, మళ్ళీ వేసి, కుంచె కాడతో గీతలు లాగాడు. బొమ్మలో ఎక్కువ బాధ పడుతున్న మనిషికి ముఖమే లేదు, గమనించండి. అదే బొమ్మని తర్వాత నలభై ఏళ్ళలో మళ్ళీ మళ్ళీ వేశాడు, ఆ తల మాత్రం ఎత్తలేదు.

రెండోది జర్మన్ చిత్రకారిణి గాబ్రియేల్ మ్యుంటర్ 1909లో వేసిన, తోటి చిత్రకారిణి మరియానే ఫాన్ వెరెఫ్కిన్ పోర్ట్రెయిట్. అట్ట మీద నూనె రంగులు. వెనకంతా పసుపు, నెత్తిన పూల టోపీ, పొడుగాటి ఊదారంగు స్కార్ఫు, భుజం మీదుగా వెనక్కి తిరిగిన చూపు. ఇందులో విచారం లేదు, ధీమా ఉంది. ఆ ధీమా పెదవుల్లో వెతికితే దొరకదు. ఒళ్ళంతా కలిపి ఒక పెద్ద త్రికోణంలా, కొండలా కింద పరుచుకుని ఉండడంలో ఉంది. బోర్డులో కింది భాగం బరువుగా నిండితే మనిషి కదలదు, ఎవరూ కదపలేరు. అదే మనిషిని సన్నగా మధ్యలో నిలబెట్టి రెండు పక్కలా ఖాళీ వదిలితే, ముఖంలో ఒక్క గీత మార్చకపోయినా దిక్కులేనిదానిలా కనిపిస్తుంది.

మన ప్రాంతం వాళ్ళు అందరికంటే ఎక్కువ చూడవలసింది జర్మన్ చిత్రకారిణి పౌలా మోడర్‌జోన్-బెకర్ బొమ్మలని నా అభిప్రాయం. ఎక్స్‌ప్రెషనిజం అన్న పేరు స్థిరపడకముందే ఆ పని చేసిన మనిషి. 1907లో, 31 ఏళ్ళకి, బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే పోయింది. ఆమె పనిచేసిన వోర్ప్స్‌వేడె ఊరు బ్రెమెన్ దగ్గర చదునైన చిత్తడి నేల. కాలవలు, నల్లమట్టి, అడ్డంలేని ఆకాశం. అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్తున్నప్పుడు కనిపించే చదును లాంటిదే, కొబ్బరిచెట్లు తీసేసి చలి కలుపుకోవాలి, అంతే. ఆ ఊళ్ళో దిక్కులేనివాళ్ళ ఆశ్రమంలో ఉండే ముసలమ్మలని కూర్చోబెట్టి వేసేది. ఆ ముసలమ్మలు ఏడవరు, దీనంగా చూడరు. ఎదురుగా, తిన్నగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంటారు. చేతులు మాత్రం ఉండవలసిన దానికంటే పెద్దవి. చదును నేల మీద మనిషిని కూర్చోబెడితే వెనకాల గీత ఒక్కటే ఉంటుంది, అది నేలా ఆకాశం కలిసే గీత. ఆ గీత మెడ దగ్గర కోస్తే ఒక భావం, నడుం దగ్గర కోస్తే ఇంకో భావం. మెడ దగ్గర కోసిందంటే తల ఒక్కటే ఆకాశంలోకి తేలి ఒంటరిదవుతుంది. నడుం దగ్గరైతే మనిషి నేలకంటే ఎత్తుగా నిలబడి ధైర్యం చెబుతుంది. కొబ్బరితోటలో కూర్చోబెట్టినా కళ్ళు చికిలించి ఈ గీతని వెతికి పట్టుకోవాలి.

ఇక పనిలోకి దిగుదాం. ముందు వెలుతురు సంగతి, ఎందుకంటే మన డెల్టాకి దేవుడిచ్చిన వరం అక్కడుంది.

పోర్ట్రెయిట్ పాఠాలన్నీ వెలుతురు పైనుంచి పడుతుందనుకునే చెబుతాయి. నుదురు, ముక్కు దూలం, చెంప పైభాగం వెలుగు. కనుగుంట, ముక్కు కింద, గడ్డం కింద నీడ. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, నీళ్ళు వదిలి దమ్ము చేసిన చేను ముందు, పెంకుటింటి వసారాలో మనిషిని కూర్చోబెట్టండి. అంతా తారుమారవుతుంది. పెంకుల కప్పు కిందికి దిగి ఉంటుంది కాబట్టి పై వెలుతురు ఆగిపోతుంది. చేలో నీళ్ళ మీద పడ్డ ఆకాశం కిందనుంచి పైకి కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద, పై కనురెప్ప కింద వెలుగు. నుదురు చీకటి. ఆ ముఖంలో ఏ భావమూ లేకపోయినా చూసేవాడికి ఏదో తేడా తెలుస్తుంది, ఎందుకో చెప్పలేడు. నాట్లు పడి ఓ పదిహేను ఇరవై రోజులయ్యాక అదే వెలుతురు పచ్చబడుతుంది. గడ్డం కింద నిజంగానే ఆకుపచ్చ కనిపిస్తుంది. 1905లో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ తన భార్య ముఖం నడిమధ్య ఆకుపచ్చ చార గీశాడు. మన వసారాల్లో ఆ ఆకుపచ్చ ఏటా జులైలో ఒకసారి, దాళ్వాకి, అంటే రెండో పంటకి, మళ్ళీ జనవరిలో ఒకసారి ఊరికే వస్తుంది. మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు దాకా బాగుంటుంది. ఎండ నేరుగా నీళ్ళ మీద తళతళలాడే వేళ వద్దు, ముఖం మీద వెలుగు గంతులేస్తుంది, పట్టుకోలేరు.

కూర్చునే మనిషి విషయం. పెద్దావిడ ఎవరినైనా అడిగితే ముందు జుట్టు దువ్వుకొస్తారు, పమిట సర్దుకుంటారు, ‘నవ్వమంటావా బాబూ?’ అంటారు. ‘అక్కర్లేదండి పిన్నిగారూ, మీ పని మీరు చేసుకోండి’ అనాలి. మొదటి పది నిమిషాలూ ఫోటో ముఖమే ఉంటుంది. అప్పుడు ముఖం జోలికి వెళ్ళకండి, భుజాలు, ఒళ్ళో చేతులు గీసుకోండి. పావుగంట దాటాక బుగ్గ కండ సడలుతుంది, కింది పెదవి కొంచెం ముందుకొస్తుంది, చూపు ఎక్కడో ఆగుతుంది. మనకి కావలసింది అది. ఇరవై నిమిషాలకొకసారి ఐదు నిమిషాలు లేవనివ్వాలి. లేచేముందు కాళ్ళు పెట్టిన చోట సుద్దముక్కతో గుర్తు గీసుకోకపోతే మళ్ళీ అదే కూర్చోవడం రాదు. చేతికి పనుంటే ఇంకా మంచిది. నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్ళు ఇళ్ళలో లేసు అల్లుతారు. కొక్కెం పట్టుకుని సగంలో ఆగిపోయిన చెయ్యి, ఒళ్ళో తెల్ల దారపు ఉండ. ఆ ఉండే బొమ్మలో అన్నిటికంటే తెల్లటి చుక్క కావాలి. చూపు ముందు అక్కడికే పోయి, తర్వాత నెమ్మదిగా ముఖానికి ఎక్కుతుంది. ముఖానికి ఆలస్యంగా చేరిన చూపు అక్కడ ఎక్కువసేపు ఆగుతుంది.

బోర్డు 18×24 అంగుళాల హార్డ్‌బోర్డు, 3 మిల్లీమీటర్ల మందం చాలు. కాన్వాస్ కావాలనేం లేదు. మ్యుంటర్, ఆమె తోటి చిత్రకారుడు యావ్‌లెన్‌స్కీ అట్టల మీద వేసినవి మ్యూజియాల్లో ఉన్నాయి. పైగా వానాకాలంలో మన దగ్గర కాన్వాస్ తేమ పీల్చి సడలుతుంది, ఎండ కాయగానే బిగుస్తుంది, ఆ లాగుడుకి మందపు రంగు పగులుతుంది. హార్డ్‌బోర్డుకి అక్రిలిక్ జెస్సో (రంగు వేసేముందు పూసే తెల్లపూత) ముందు వైపు రెండు పూతలు, వెనక ఒకటి, అంచులకి తప్పకుండా ఒకటి. అంచులు వదిలేస్తే అక్కడినుంచే తేమ ఎక్కి బోర్డు ఉబ్బుతుంది. జెస్సో ఆరాక, అక్రిలిక్ ఎల్లో ఓకర్‌లో కొంచెం బర్న్‌ట్ సియెన్నా కలిపి పల్చగా నీళ్ళతో పూయండి. జులైలో గోదారి ఎర్రనీళ్ళ రంగు రావాలి. తెల్లబోర్డు మీద ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. పైగా కుంచె వేటుకీ వేటుకీ మధ్య కనిపించే సందుల్లో ఆ ఎర్రమట్టి మెరుస్తుంటే బొమ్మంతా ఒక ఊళ్ళోదే అనిపిస్తుంది.

గీతకి ముందు అగ్గిపెట్టె అంత సైజులో ఐదారు చిన్న స్కెచ్‌లు వెయ్యాలి. ఇందులో బద్ధకిస్తే తర్వాత రంగుతో దిద్దలేరు. స్కెచ్‌లో తేల్చుకోవలసినవి రెండే. ఒకటి ఖాళీ. ఆమె చూస్తున్న వైపు ఖాళీ ఎక్కువుంటే ఎదురుచూపు. వీపు వైపు ఎక్కువుంటే ఎవరో వెళ్ళిపోయారు. తల పై అంచుకి అంగుళం దూరంలో ఉంటే కప్పు నెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది. అదే తల మీద ఎనిమిది అంగుళాలు వదిలితే మనిషి చిన్నదైపోతుంది. రెండోది ఒంపు. మన శిల్పాల్లో త్రిభంగం చూస్తూ పెరిగిన చేతికి తల ఒక వైపు, భుజాలు ఎదురు వైపు వంచడం తెలియకుండానే వచ్చేస్తుంది. అది నాట్యం, అందులో లయ ఉంది, దుఃఖం ఉండదు. బరువు కావాలంటే తల, భుజాలు ఒకే వైపుకి వాలాలి. భుజాల గీత పది పదిహేను డిగ్రీలు, తల దానికంటే కొంచెం ఎక్కువ. ఇరవై ఐదు దాటితే నిద్రపోతున్నట్టు ఉంటుంది.

చెయ్యి పొడుగు, అంటే మణికట్టు నుంచి వేలి కొస దాకా, మామూలుగా గడ్డం నుంచి నుదుటి పైన జుట్టు మొదలయ్యే దాకా ఉంటుంది. దాన్ని అయిదోవంతు పెంచండి. అంతకు మించితే కార్టూను. మెడ పెంచకండి, మెడ పొడుగైతే వెంటనే నాజూకు వచ్చి కూర్చుంటుంది.

రంగులు ఏడు ట్యూబులు చాలు: టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, క్రిమ్సన్, అల్ట్రామెరీన్, విరిడియన్. నలుపు ట్యూబు డబ్బాలోనే ఉండనివ్వండి. అల్ట్రామెరీన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే చీకటి ఎటు కావాలంటే అటు, చల్లగానో వెచ్చగానో తిరుగుతుంది. ముఖం రంగు గురించి ఒక హెచ్చరిక. వీడియోల్లో చూపించే ఒంటిరంగు కొలతలు తెల్లవాళ్ళవి. వాటికి ముదురు కలిపి మన రంగు తేబోతే బూడిద పూసినట్టు వస్తుంది, ఎందుకంటే అడుగున తెలుపు ఉంది. మన రంగు చీకటి వైపు నుంచి మొదలవ్వాలి. మూడు పాళ్ళు బర్న్‌ట్ సియెన్నా, ఒకటి ఓకర్, ఒకటి అల్ట్రామెరీన్, ఇది మధ్యస్థం. వెలుగు కావాలంటే ఓకరూ లెమన్ ఎల్లో పెంచండి, తెలుపు ఆఖరికి కుంచె కొసకి అంటినంతే. చామనఛాయ మీద ఆకాశం మెరిసే చోట్లు, అంటే చెంప ఎముక, ముక్కు కొన, నీలంగా ఉంటాయి. అక్కడ అల్ట్రామెరీన్‌లో తెలుపు కలిపి ధైర్యంగా పెట్టొచ్చు.

ఆకుపచ్చ ముఖం ఎప్పుడు నప్పుతుంది, ఎప్పుడు జబ్బు చేసినట్టు ఉంటుంది? దీనికి గుట్టు ఏమీ లేదు. రంగు మీ ఇష్టం, టోను మాత్రం మీ ఇష్టం కాదు. టోను అంటే రంగు పక్కనపెడితే అక్కడెంత చీకటి, ఎంత వెలుతురు అన్నది. గడ్డం కింద ఉండవలసిన చీకటి ఎంతో అంతే చీకటి ఉన్న ఆకుపచ్చ పెడితే కన్ను ఒప్పుకుంటుంది. దానికంటే లేతది పెడితే ముఖం మీద అతికించిన ఆకులా ఊడిపోతుంది. ఫోనులో బొమ్మని తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అందులో ముఖం ముఖంలా ఉంటే రంగులెన్ని వికటించినా ఫర్వాలేదు. అందులోనే ముక్కలుగా విరిగిపోతే ఏ రంగూ కాపాడదు. విరిడియన్ ట్యూబులోంచి తీసి తిన్నగా వాడకండి, ప్లాస్టిక్ బకెట్ రంగది. క్రిమ్సన్ చిటికెడు కలిపితే నేలకి దిగుతుంది.

వెనకాల ఎర్రనీటి రంగు, ఒంటి మీద నీలమో ఆకుపచ్చో చీర అనుకుంటే రెండూ సరిసమానంగా ఉంచకండి, కళ్ళు జిగేల్మని దెబ్బలాట మొదలవుతుంది. ఒకటి ముప్పాతిక వంతు ఉండాలి, ఇంకోటి పావు. చీర అంచులోని పువ్వులు ఒక్కొక్కటీ గీసేవాళ్ళున్నారు. పని తీరిక ఉన్నట్టుంది గానీ మనిషి కనపడదు. అంచు ఒక్క వేటులో రావాలి.

కుంచెలు చదును పందివెంట్రుకవి, 12, 8 నంబర్లు, ముఖానికి 4. అంతకంటే చిన్నది చేతికి అందే చోట ఉంచితే రెప్పవెంట్రుకలు గీస్తారు. ముందు నలభై నిమిషాల్లో బోర్డంతా పల్చటి రంగుతో కప్పెయ్యాలి, ముఖం కూడా ఒక్క గోధుమరంగు మచ్చగానే. తర్వాత వెనక రంగుతో మొదలుపెట్టి మనిషి లోపలికి నొక్కుకుంటూ రావాలి. వెనక వేట్లు ఆమె భుజాల అంచుని కొరుకుతున్నట్టు ఉండాలి. మనిషి అంచు వెనక రంగు మీదికి ఎక్కితే ఆమె ఆ చోటుని ఆక్రమించింది, వెనక రంగు ఆమె మీదికి వస్తే ఆ చోటు ఆమెని తింటోంది. పెదవికి విడిగా గీత వద్దు. పై పెదవి ముదురు, కింది పెదవి కింద చిన్న నీడ, చివర్లు తిన్నగా. చివర్లు కిందికి లాగితే దుఃఖం కాదు, అలక. కళ్ళు రెండూ ఒకేలా వెయ్యకండి. ఒకటి చూస్తుండాలి, ఒకటి వదిలేసి ఉండాలి.

ఎక్కడైనా ముద్ద అయిందా, అదేరోజు కత్తితో గీకెయ్యండి. గీకాక మిగిలిన మరక చాలాసార్లు వేసిన రంగుకంటే బాగుంటుంది. ఆస్ట్రియా చిత్రకారుడు కొకోష్కా 1909లో వేసిన లొట్టె ఫ్రాన్జోస్ బొమ్మలో ఒంటి చుట్టూ గాలి వణుకుతున్నట్టుండే గీతలు పల్చటి రంగులో గీకినవే. ఆవిడకి ఆ బొమ్మ నచ్చలేదు, అది వేరే సంగతి. నూనె రంగుల్లో ఈ గీకుడికి ఒక రోజు వ్యవధి ఉంటుంది. అక్రిలిక్‌లో వానాకాలం ముసురులో కూడా నిమిషాల్లో అయిపోతుంది.

నూనె దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. కోనసీమలో కొబ్బరినూనె చేతికి అందుబాటులో ఉంటుంది కదా అని రంగులో కలిపేవాళ్ళున్నారు. కలపకండి. అవిసె నూనె గాల్లో ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడి పొర అవుతుంది. కొబ్బరినూనెకి ఆ గుణం లేదు, ఏడాదైనా జిడ్డుగానే ఉండి దుమ్ము పడుతుంది. కుంచెలు కడుక్కోవడానికైతే భేషుగ్గా పనికొస్తుంది, తర్వాత సబ్బుతో జిడ్డు వదిలించాలి. టర్పెంటైన్ బదులు కిరసనాయిలు కూడా వద్దు. కింది పొరలో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో అవిసె నూనె ఎక్కువ, ఈ వరస తప్పితే పగుళ్ళే. క్రిమ్సన్ ఆరడానికి చాలా రోజులు తీసుకుంటుంది, బర్న్‌ట్ సియెన్నా త్వరగా ఆరుతుంది. అందుకని మందపు క్రిమ్సన్ అడుగున పెట్టి పైన సియెన్నా వేస్తే పైది చిట్లుతుంది. ఆరబెట్టేందుకు చీకటి గదిలో పెడితే అవిసె నూనె పచ్చబడుతుంది, వెలుతురున్న గది కావాలి, ఎండ మాత్రం తగలకూడదు. గోడకి తగిలించేప్పుడు ఫ్రేము వెనక నాలుగు మూలలా అర అంగుళం చెక్కముక్కలు కొట్టండి. గాలి ఆడకపోతే శ్రావణం వెళ్ళేలోగా వెనకాల బూజు పడుతుంది.

ఆపడం ఎక్కడ అన్నది కష్టమైన పని. చేతులు ముఖంకంటే ఎక్కువ పూర్తయి ఉండాలి, ఇది గుర్తుపెట్టుకుంటే సగం తేలుతుంది. బొమ్మని మూడు రోజులు గోడవైపు తిప్పి ఉంచి, నాలుగో రోజు పది అడుగుల దూరం నుంచి చూడండి. దారపు ఉండ, తర్వాత చెయ్యి, తర్వాత ముఖం, చూపు ఈ వరసలో వెళ్తోందా? ముందే ముఖానికి దూకుతోందంటే అక్కడ ఏదో ఎక్కువ మెరుస్తోంది. మామూలుగా అది కంట్లో పెట్టిన తెల్లచుక్క. గుడ్డ చుట్టిన వేలితో దాన్ని తుడిచేసి, పక్కనున్న నీడ రంగునే దాని మీదికి లాగండి.